ఎడమచేతి మీట

గ్రంథాలయం వారి సంపుటాలు అప్పజెప్పి, బైండరు ఆనాడు అనుకున్నదానికంటే గంట ముందే దుకాణానికి తిరిగివచ్చాడు. ముందుగదిలో భార్య కుట్టుబల్ల దగ్గర మడిచిన అచ్చుకాగితాల ఫారాలు కుడుతోంది. దారం పళ్ల మధ్య పట్టుకొని ఉన్నందున పలకరింపుగా కనుబొమలు మాత్రం ఎత్తింది. లోపలిగదిలో కటింగ్ మిషను ఎడతెరిపి లేకుండా నడుస్తున్న చప్పుడు వినవస్తోంది. రెండు నెలలుగా ఆ చప్పుడు అతడి చెవికి పాటలా ఉంటోంది. బావమరిది చేతికి ఇంత చురుకు ఎక్కడినుంచి వచ్చిందా అని లోలోపల మురిసిపోవడమే కాక, పని ఇవ్వవచ్చిన ప్రతివారి దగ్గరా, “మావాడు నిలబడ్డాడంటే మిషనే అలిసిపోవాలి” అని గొప్పలు చెప్పుకుంటున్నాడు కూడా. ఆ మాట ఒక్కసారైనా వాడితోనే అందామని లోపలికి తొంగిచూశాడు. చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆ యంత్రం సంగతి కొంచెం చెప్పుకోవాలి. జానెడు ఎత్తు కాగితాల దొంతరను వెన్నముద్దను కోసినట్టు కోసే కత్తి అది. బల్లకు ఈ కొసన ఒక మీట, ఆ కొసన ఒక మీట ఉంటాయి. రెండింటినీ రెండు చేతులతో ఒక్కసారిగా నొక్కితేనే కత్తి దిగుతుంది, ఒకదానిని వదిలితే ఉన్నచోటనే ఆగిపోతుంది. చేతులు రెండూ మీటల మీద ఉన్నంతసేపూ ఏ చెయ్యీ కత్తికింద ఉండే వీలు లేదు. దానిని కట్టిన మహానుభావుడెవరో మనిషి మరపునూ తొందరనూ నిద్రమత్తునూ బాగా ఎరిగినవాడై, అన్నింటికీ కలిపి ఈ ఒక్క కట్టడి చేశాడు.

ఆ ఎడమ మీట సందులో ఇప్పుడు మడిచిన అట్టముక్క ఒకటి బిగించి ఉంది. మీట నొక్కినది నొక్కినట్టే ఉండిపోయింది. బావమరిది కుడిచేత్తో కుడి మీటను నొక్కుతున్నాడు, ఎడమచేతిలో ఫోను పట్టుకున్నాడు. చూపంతా ఫోనులోనే ఉంది. కత్తి దిగి లేచిన మరుక్షణం ఆ ఎడమచేతి చిటికెనవేలితోనే దొంతరను ముందుకు నెట్టి, మళ్లీ కుడి మీట నొక్కుతున్నాడు. చిటికెనవేలికీ కత్తికీ మధ్య ఉన్న జాగా చూసి బైండరు కేక పెట్టబోయాడు. అరిస్తే వాడు ఉలిక్కిపడతాడన్న ఇంగితం మాత్రం మిగిలింది. అడుగుల చప్పుడైనా కానివ్వకుండా గోడ దగ్గరికి వెళ్లి మెయిన్ స్విచ్చి కిందికి లాగేశాడు.

“కరెంటు పోయిందా బావా?” అన్నాడు బావమరిది తల ఎత్తకుండానే.

బైండరు ఆ అట్టముక్కను ఊడబెరికి వాడి ముందు పెట్టాడు.

“ఏంటిది?”

“అట్టముక్క.”

“అట్టముక్కని నాకూ తెలుసు. ముప్పై ఏళ్లుగా అట్టలతోనే బతుకుతున్నాను. ఇక్కడ ఎందుకుందని అడుగుతున్నా.”

ఆ తరువాత బైండరు ఏమేమి అన్నాడో అతడికే గుర్తులేదు. వేళ్లు పోయిన చేతితో ముద్ద ఎలా కలుపుకుంటావన్నాడు. కాగితం మీద నెత్తురు పడితే గ్రంథాలయం వాళ్లకు ఏమని చెప్పాలన్నాడు, అన్న తరువాత ఆ మాటకు తానే సిగ్గుపడి మరింత మండిపడ్డాడు. “సేనాపతి గారికి యుద్ధం తొందర కాబోలు, ఒక చెయ్యి ఇచ్చి వద్దామనుకున్నారు” అని ఎత్తిపొడిచాడు.

సేనాపతి అన్నది బావమరిదికి దుకాణంలో స్థిరపడిన పేరు. ఫోనులో అతడు ఆడే ఆటలో అతడికి దక్కిన హోదా అది. అది కార్డుల ఆటే, కాని పేకాట కాదు. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ, దాని బలానికి ఒక అంకె, అది ఏం చేయగలదో చెప్పే రెండు మూడు పంక్తులు ఉంటాయి. ఎవరి కార్డులు వారే సంపాదించుకొని, వాటిలోంచి ముప్పై ఏరుకొని, ఎక్కడెక్కడివాళ్లతోనో పోరాడాలి. కార్డులు మూసిన ప్యాకెట్లలో వస్తాయి. ప్యాకెట్టుకు డబ్బు కట్టాలి, లోపల ఏముందో కట్టిన తరువాతనే తెలుస్తుంది. సొంతంగా చిన్న కటింగ్ మిషను కొనుక్కోవాలని నాలుగేళ్లు దాచుకున్నదంతా సేనాపతి ఒక్క ఏడాదిలో ఆ ప్యాకెట్లకు ధారపోశాడు. అది బయటపడిన నాడు అక్క ఏడవలేదు, తిట్టలేదు. ఇకమీదట దాని మీద ఒక్క పైసా పెట్టనని తన మీద ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు మాటలు కూర్చి ఇచ్చినవాడు బైండరే.

ఇప్పుడు సేనాపతి తల ఎత్తి అదే మాట అందుకున్నాడు.

“ఒట్టు తప్పలేదు బావా. ఆ రోజు నుంచి ఒక్క పైసా పెట్టలేదు. కావాలంటే ఫోను చూసుకో.”

“మరి ఇదంతా ఏంటి?”

“ఊరికే ఆడాలంటే ఇలాగే ఆడాలి.”

డబ్బు కట్టనివాడికి ఆ ఆట తలుపు మూయదట. గంటల లెక్కన పనులు అప్పగిస్తుందట. ఇన్ని గంటల్లోపు మూడు ఆటలు గెలవాలి, ఫలానా రంగు కార్డులతో గెలవాలి, గెలిస్తే అర ప్యాకెట్టు, గడువు దాటితే అదీ లేదు. భోజనం విరామంలో ఒక పని పూర్తవుతుంది. తక్కినవి పనివేళల్లోనే వస్తాయి. మూడు నెలల పోటీ ఇంకో నాలుగు రోజుల్లో ముగుస్తుంది, అప్పటికి మొదటి వెయ్యిమందిలో నిలిచినవాళ్లకు మంచుకోట కావలివాడు అనే కార్డు ఇస్తారు, అది ప్యాకెట్లలో దొరకదు. ఇదంతా సేనాపతి తల దించుకొని చెప్పుకొచ్చాడు. డబ్బు పెట్టవద్దన్నారు కనుక డబ్బు పెట్టలేదు. వేరే ఏదీ పెట్టవద్దని ఎవరూ అనలేదు.

ఆ మాట బైండరుకు సూదిలా దిగింది. ఒట్టును తానెంత జాగ్రత్తగా కూర్చాడో గుర్తుకొచ్చింది. పైసా, బాకీ, అరువు, తాకట్టు, ఏ ఒక్క సందూ మిగల్చకుండా అన్నీ చేర్చాడు. కాలాన్నీ కళ్లనూ ఎడమచేతినీ చేర్చలేదు.

అప్పటికి భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అట్టముక్కను చూసింది, మీటను చూసింది, తమ్ముడి ఎడమచేతిని తన చేతిలోకి తీసుకొని ఒక్కొక్క వేలూ ముట్టి చూసింది. బైండరు ఆమెకు సంగతి చెప్పబోయాడు. ఆమె వినిపించుకోలేదు.

“రెండు నెలల నుంచి మిషను అంత జోరుగా నడుస్తుంటే, ఎందుకు నడుస్తోందని ఒక్కరోజైనా లోపలికి వచ్చి చూశారా?” అంది.

“నాకేం తెలుసు, వాడు...”

“పని తొందరగా అవుతోంది కదా, చూడ్డం దేనికి? ఊరంతా చెప్పుకోవడానికి మాత్రం తీరిక దొరికింది.”

బైండరుకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. తన మీద తనకు వచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక దానిని కూడా సేనాపతి నెత్తినే వేశాడు. ఇకమీదట మిషను దగ్గరికి రావద్దని, కుట్టుబల్ల దగ్గర కూర్చుని ఫారాలు కుట్టమని, ఆ పనికి రెండు చేతులూ కావాలి కనుక బుద్ధిగా ఉంటాడని అన్నాడు. ఆ దుకాణంలో కుట్టుబల్ల కొత్తగా పని నేర్చేవాళ్లు మొదట కూర్చునే చోటు, కటింగ్ మిషను చేయి తిరిగినవాడు నిలబడే చోటు. పన్నెండేళ్లు మిషను మీద నిలబడినవాడు ఆ మాటకు ముఖం మాడ్చుకొని, ఫోను జేబులో వేసుకొని, అక్కతోనైనా చెప్పకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు అతడు రాలేదు. కోయవలసిన పని దొంతరలుగా పడి ఉంది. బైండరు తానే మిషను మీద నిలబడ్డాడు కాని, కోపంతో ఉన్నవాడు కత్తి దగ్గర నిలబడరాదని గంటకే తెలుసుకొని దిగిపోయాడు. భార్య అంతలో ఒక పని చేసింది. తమ్ముణ్ణి పట్టుకున్నది ఏమిటో చూద్దామని ఆ ఆటను తన ఫోనులో వేయించుకుంది. మొదట బాజాలు మోగాయి. తరువాత, రండి వీరాధివీరా అంటూ ఎర్రతివాచీ పరిచారు. అడగకుండానే పది ప్యాకెట్లు చేతిలో పెట్టారు. ఒక్కొక్కటి తెరుస్తుంటే లోపలినుంచి వెలుగులు చిమ్మాయి.

“అత్తగారింట్లో కూడా నాకింత మర్యాద జరగలేదు” అంది ఆమె. నాలుగో ప్యాకెట్టు దగ్గర తన వేలు తనంతట తానే ముందుకు పోతోందని గమనించి, ఫోను బోర్లా పెట్టేసి ముఖం కడుక్కొని వచ్చింది.

బైండరు మాత్రం ఆటను చూడలేదు. ఆట మొదలయ్యే ముందు, వీటికి ఒప్పుకుంటున్నారా అని అడిగిన షరతులను చూశాడు. ఒప్పుకునేముందు చదవాలి కదా అన్నాడు. అంత చిన్న అక్షరాలు ఫోనులో చదవలేక పక్కవీధి అచ్చాఫీసులో నలభై పుటల మీద అచ్చు వేయించి తెచ్చుకున్నాడు. విడికాగితాలు చదవడం అతడికి అలవాటు లేదు. అందుచేత వాటిని ఫారాలుగా మడిచి, కుట్టి, వీపుకు గుడ్డ అతికించి, అట్ట వేసుకొని, అప్పుడు చదవడానికి కూర్చున్నాడు. శాస్త్రగ్రంథం చదివినట్టు మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి వరకు పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటూ, ముందు పుటలో ఒక మాటకు ఇచ్చిన అర్థాన్ని వెనక పుటలో ఎలా వాడారో పోల్చుకుంటూ చదివాడు. బహుశా ఆ పుటలను అలా చదివినవాడు లోకంలో మరొకడు ఉండడు.

చదువుతున్నకొద్దీ ఒళ్లు మండిపోయింది. ప్యాకెట్లు అమ్మేచోట రంగురంగుల అక్షరాలతో కొనండి, మీ సొంతం చేసుకోండి అని ఉంది. ఇక్కడ ఎక్కడా కొనడమన్న మాటే లేదు. కార్డు ఆడేవాడిది కాదు. కట్టిన డబ్బు దానిని చూడడానికీ వాడడానికీ ఇచ్చిన అనుమతికి మాత్రమే. ఆ అనుమతిని ఎప్పుడైనా ఉపసంహరించవచ్చు. ఒకరికి ఇవ్వరాదు, అమ్మరాదు, పోయిన తరువాత వారసులకు చెందదు. పాత వరుస కార్డులను పెద్ద పోటీల్లోకి రానివ్వకపోవచ్చు. వద్దనుకున్న కార్డులను పొడి చేసుకోవచ్చు, నాలుగింటి పొడితో ఒక కొత్తది చేసుకోవచ్చు. చినిగిన పుటకు పలచని కాగితం అతికించి బతికించడం వృత్తిగా ఉన్నవాడికి, ఒకటి కావాలంటే నాలుగింటిని నాశనం చేయమని చెప్పే ఈ ఏర్పాటు పాపంగా తోచింది. చివరి పుటల్లో ఇంకొకటి ఉంది. ఏ కార్డు మీది అంకెనైనా, అక్షరాన్నైనా, ముందుగా చెప్పకుండా మార్చే హక్కు తమకుందని రాసుకున్నారు. దాని కింద బైండరు పెన్సిలు విరిగేలా గీత గీశాడు.

ఆ పుస్తకం చంకన పెట్టుకొని సాయంత్రం సేనాపతి అద్దెగదికి వెళ్లాడు. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, గోడకు చార్జరు. సేనాపతి మంచం మీద కూర్చుని ఆడుతున్నాడు, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఆట ముగిసేదాకా బైండరు పళ్లు నూరుకుంటూ కూర్చుని, ముగిసిన వెంటనే గుర్తులు పెట్టినవన్నీ వరుసగా చదివి వినిపించాడు. వాడు ఆశ్చర్యపోతాడనీ తనతోపాటు మండిపడతాడనీ అనుకున్నాడు.

“ఇవన్నీ తెలుసు బావా” అన్నాడు సేనాపతి. “ఆడేవాళ్లందరికీ తెలుసు.”

“తెలిసే ఆడుతున్నావా?”

“ఊఁ.”

“నీది కానిదానికోసం చెయ్యి పోగొట్టుకుంటావా? నీకేమైనా మతి ఉందా?”

సేనాపతి చార్జరు తీగను వేలికి చుట్టుకున్నాడు.

“కొన్ని లక్షలమంది ఆడుతున్నారు. అందులో నేను ఎనిమిదివందలవ వాణ్ణి. ఎవరికి ఎప్పుడు ఏ కార్డు వస్తుందో లెక్క కట్టి చెప్పగలను. పన్నెండేళ్లుగా మిషను మీద ఉన్నాను కదా, బాగా కోశావని ఒక్కసారైనా అన్నావా? వంకరపోతే మాత్రం వీధి చివరిదాకా వినపడేలా అంటావు.”

బైండరు ఊరంతా చెప్పుకున్నాడు. వాడికి మాత్రం చెప్పలేదు. ఆ సంగతి అప్పుడు చెబితే బుజ్జగించినట్టుంటుందని, ఆ కోపంలో బుజ్జగించడం తనకు చేతకాదని, పుస్తకం చంకన పెట్టుకొని లేచి వచ్చేశాడు.

దారిలో ఆటవస్తువుల దుకాణం ఉంది. దానిని నడిపే ఆవిడ నలిగిపోయిన నియమాల పుస్తకాలను కుట్టించుకోవడానికి ఇతడి దగ్గరికి వస్తూ ఉంటుంది. గాజు అల్మారాలో అలాంటి కార్డులే కాగితం మీద అచ్చువేసినవి, మెరిసే ప్యాకెట్లలో ఉన్నాయి. వాటిని చూడగానే బైండరుకు మళ్లీ ఒళ్లు భగ్గుమంది. ఇవి కూడా లోపలేముందో చెప్పకుండా అమ్మేవే కదా అని కాస్త పెడసరంగానే అడిగాడు.

“అవును అన్నయ్యా, ఇదీ లాటరీయే” అంది ఆవిడ నొచ్చుకోకుండా. “ప్యాకెట్లు అమ్ముకొని బతికేదాన్ని నేనే చెబుతున్నా, మీరు ప్యాకెట్లు కొనకండి.”

కాగితం కార్డుకు ఒక గుణం మాత్రం ఉందని ఆవిడ చెప్పింది. వద్దనుకుంటే అమ్ముకోవచ్చు, ఒకరికి ఇవ్వవచ్చు, పాతబడినా ఇంట్లో ఆడుకుంటే కాదనేవాడు లేడు. ప్యాకెట్టుతో పని లేకుండా కావలసిన కార్డునే విడిగా, చూసి కొనుక్కోవచ్చు. అన్నింటికంటే చవకైనది ఇంకొకటి ఉంది. కొందరు నలుగురూ కలిసి ఒకే పెట్టె పెట్టుకుంటారు. అందులో మూడునాలుగువందల కార్డులుంటాయి, అవి ఎవరివీ కావు. కూర్చున్నప్పుడల్లా అందరూ దానిలోంచే పంచుకొని ఆడతారు, లేచేటప్పుడు అన్నీ తిరిగి పెట్టెలో వేస్తారు. డబ్బున్నవాడికి మంచి కార్డులుండడం అక్కడ కుదరదు. ఇంట్లో ఆడుకోవడానికైతే చేత్తో రాసుకున్న చీటీలు కూడా చాలునట.

“మీ దగ్గర అట్టలకు కొదవా?” అంది.

బైండరు ఏమీ కొనకుండానే వచ్చాడు. ఈ ఉపాయం సేనాపతికి చెప్పాలా అని భార్య అడిగితే, ఇప్పుడు చెబితే చెవిన పెట్టడన్నాడు.

నాలుగు రోజులూ గడిచాయి. సేనాపతి గదిలోంచి కదలకుండా ఆడి, ఆరువందల చిల్లరలో నిలిచాడు. మంచుకోట కావలివాడు వచ్చింది. బలం ఏడు. ఆ సంగతి అక్కకు ఫోనుచేసి చెప్పాడు. ఆమె సంతోషమేననీ, రేపు పనికి రమ్మనీ చెప్పింది. అతడు రాలేదు. మరో రెండు రోజులు ఆ కార్డుతో ఆడుతూ గెలుస్తూ ఉండిపోయాడు.

మూడో రోజు పొద్దున్నే, దుకాణం ఇంకా ఊడవకముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది. బావతో మాట్లాడకుండా ఫోను అతడి ముందు పెట్టాడు. కార్డు మీద అదే కోట, అదే మంచు, అదే ఈటె పట్టుకున్న కావలివాడు. మూలనున్న అంకె మాత్రం అయిదు. గెలవడం మరీ సులువవుతోందని కొందరు మొరపెట్టుకున్నారట, అందుకని రాత్రికి రాత్రి సరిచేశారట.

“ఏడు ఉండేది బావా” అన్నాడు సేనాపతి. “నిన్నటిదాకా ఏడు.”

నేను చెప్పానా లేదా అని అనడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని ఆ అంకెను చూస్తూ ఉండగా బైండరుకు వచ్చిన కోపం బావమరిది మీదిది కాదు. వందేళ్లనాటి పుస్తకాలు అతడి చేతుల్లోంచి పోయాయి. పురుగు తిన్నవి ఉన్నాయి, తడిసినవి ఉన్నాయి, సగం కాలినవి ఉన్నాయి. మిగిలిన అక్షరం ఏదైనా, అచ్చువేసిననాడు ఏమని ఉందో ఈనాడూ అదే. ఒకడి చేతికిచ్చిన పుటలోని అక్షరాన్ని వాడి పెట్టెలో ఉండగానే, వాడు నిద్రపోతుండగా దిద్దిపోవడం అతడు కనీవినీ ఎరగడు. మూడు నెలలు, రెండు కళ్లు, తెగడానికి వెంట్రుకవాసి దూరంలో ఒక చిటికెనవేలు. ఇంత పుచ్చుకొని ఇచ్చింది ఏడు. ఇచ్చి రెండు వెనక్కి తీసుకున్నారు.

“కాగితం తీసుకో” అన్నాడు.

“ఎందుకు?”

“అక్కడ ఏముండేదో రాయి. నీకు కంఠతా వచ్చు కదా, అన్నీ రాయి. ఇక్కడ అట్టలున్నాయి, కత్తి ఉంది. మనం కోసుకున్నదాని మీద అంకె మార్చడానికి ఎవడొస్తాడో నేనూ చూస్తా.”

అలా మొదలైంది. ఆటవస్తువుల ఆవిడ చెప్పిన ఒకే పెట్టె పద్ధతిని బైండరు కోపంగానే వివరించాడు. సేనాపతి మొదట పెదవి విరిచాడు. తరువాత, ఏ కార్డుకు ఏది విరుగుడో, మొత్తం పెట్టె సమంగా ఉండాలంటే ఏవి ఎన్ని ఉండాలో తనకు తెలిసినట్టు మరొకరికి తెలియదన్న సంగతి మెల్లగా తలకెక్కి, పెన్సిలు పుచ్చుకున్నాడు. మంచుకోట కావలివాడి మూలన ఏడు వేసి, దానిమీదే మళ్లీ దిద్దాడు.

రాసిన పెద్ద అట్టలను కార్డులుగా కోయాలి. సేనాపతి మిషను వైపు చూశాడు, బైండరు అడ్డంగా నిలబడ్డాడు. అప్పుడు అక్క కలగజేసుకుంది. ఇంకో ఒట్టు వేయించుకుందామా అని బైండరు అడిగితే వద్దంది.

“ఒట్టంటే మీరిద్దరూ సందులు వెతుకుతారు, ఒకరు పెట్టేటప్పుడు, ఒకరు దాటేటప్పుడు” అంది. తమ్ముడి వైపు తిరిగి, “ఫోను నా బల్ల మీద పెట్టి మిషను దగ్గరికి పో. దిగాక తీసుకో. అంతే” అంది.

సేనాపతి ఫోను కుట్టుబల్ల మీద పెట్టాడు. మిషను దగ్గరికి వెళ్లి, దొంతర సరిచేసి, కొలత చూసుకొని, రెండు చేతులూ రెండు మీటల మీద వేశాడు. అలా ఎడంగా చేతులు చాచి నిలబడడం అతడికి చాలా రోజులైనట్టుంది, భుజాలు కొద్దిగా బిగిశాయి. కత్తి దిగింది. అంచు చూసి బైండరు, “బాగా కోశావు” అన్నాడు. ఆ మాట మందలింపులాగానే వినపడింది. అతడికి ఇంకోలా అనడం రాదు.

ఆ మధ్యాహ్నమే బైండరు ఆ కంపెనీకి ఉత్తరం రాశాడు. ఆటలో సేనాపతికున్న ఖాతా మీదుగా పంపితే చదువుతారని తెలిసి, కాగితం మీద రాసిన దానిని భార్య చేత ఫోనులో కొట్టించాడు. మహారాజశ్రీ అని మొదలుపెట్టి, మీరు అమ్మినది ఏమిటి, మావాడు కొన్నది ఏమిటి, ఇచ్చిన ఏడులోంచి రెండు తీసుకునే అధికారం ఏ ధర్మం ప్రకారం వచ్చిందని మూడు ప్రశ్నలు వేశాడు. మీ నలభై పుటలూ చదివే అడుగుతున్నానని చివర చేర్చాడు. చదివేవాడికి చెమటలు పట్టాలన్నంత కోపాన్ని ఒక్క దుర్భాషైనా లేకుండా ఇమిడ్చాడు.

మర్నాడు సేనాపతి గ్రంథాలయం వాళ్ల బాకీ పని కోస్తుండగా కుట్టుబల్ల మీద ఫోను మోగింది. అక్క సూది పక్కన పెట్టి, జవాబు వచ్చిందని లోపలికి వినపడేలా చదివింది. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది. మీ ఉత్సాహానికి కృతజ్ఞతగా రెండు ప్యాకెట్లు కానుకగా పంపుతున్నాము. మూడు రోజుల్లోపు తెరుచుకోగలరు.

అంతే. మూడు ప్రశ్నలలో ఒక్కదానికీ జవాబు లేదు. బైండరు చేతిలోని జిగురు కుంచెను బల్లమీద కొట్టాడు. జిగురు చింది గోడ మీద పడింది. ఏ కత్తి గాయం గురించి మొరపెట్టుకుంటే ఆ కత్తినే మళ్లీ చేతిలో పెట్టారు అన్నాడు, వీళ్లకు సిగ్గూ శరమూ లేవన్నాడు, మనుషులే లేరేమో అక్కడ అన్నాడు. ఆ అరుపుల మధ్య లోపలినుంచి సేనాపతి గొంతు వినపడింది.

“ఎన్ని రోజులట అక్కా?”

బైండరు కుంచె కింద పడేశాడు.

“మూడు” అంది ఆమె.

బైండరు ఒక్క అంగలో లోపలిగదిలో ఉన్నాడు. సేనాపతి చేతులు రెండూ మీటల మీదనే ఉన్నాయి. మెడ మాత్రం ముందుగది వైపు తిరిగి ఉంది.

“వాటిని తెరిచావంటే...” అని బైండరు మొదలుపెట్టాడు.

“నా చేతులు ఇక్కడే ఉన్నాయి బావా. నీ నోరే ఆ ప్యాకెట్లదాకా పోతోంది” అన్నాడు సేనాపతి. మెడ తిప్పుకొని, దొంతర వైపు చూసి, రెండు మీటలూ నొక్కాడు.

బైండరు ఒక స్టూలు లాక్కొచ్చి మిషనుకు ఎదురుగా వేసుకొని కూర్చున్నాడు. పని అంతా ఒళ్లో పెట్టుకొని అక్కడినుంచే చేశాడు. కాపలా ఎందుకని భార్య అడిగినందుకు ఆమె మీద విసుక్కున్నాడు, గాలి ఆడడం లేదని సేనాపతి అన్నందుకు వాడి మీద విసుక్కున్నాడు. భోజనాల వేళ ముగ్గురూ కొత్త పెట్టెలోని కార్డులు పంచుకొని ఆడినప్పుడు, భార్య చేతిలో వరుసగా రెండుసార్లు ఓడిపోయి, పంచడం సరిగ్గా లేదని పేచీ పెట్టుకున్నాడు. సేనాపతి రోజుకు రెండుమూడుసార్లు దిగి వచ్చి, ఫోను చేతిలోకి తీసుకొని, మూసిన ఆ రెండు ప్యాకెట్లను చూసి, మళ్లీ పెట్టేసేవాడు. అలా చూసిన ప్రతిసారీ బైండరు పళ్లు కొరుక్కున్నాడు కాని నోరు తెరవలేదు. తాను నోరు తెరిస్తే వాడు ప్యాకెట్లు తెరుస్తాడని భయపడ్డాడు.

మూడో రోజు సాయంత్రం సేనాపతి ఇంకా మిషను మీద ఉండగా భార్య ఫోను ఎత్తి చూసి, గడువైపోయింది, ప్యాకెట్లు లేవు అని చెప్పింది. యంత్రం చప్పుడులో సేనాపతికి అది వినపడలేదు. ఆ మాటకోసమే చెవి ఒగ్గి స్టూలు మీద కూర్చున్న బైండరుకు వినపడింది. అయినా ఆమె దగ్గరికి వెళ్లి, ఇంకొకసారి చెప్పమన్నాడు.